తాతబ్బాయి కారుకి ఏమీ జరగలేదు

మండపేటలో పంపుసెట్లు బాగుచేసే మేడిశెట్టి తాతబ్బాయికి ఒక తెల్ల కారు ఉంది. కొని తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళలో అది దేన్నీ తాకలేదు, దాన్ని ఏదీ తాకలేదు. అద్దం మీద దోమ వాలినా కారు ఆపి, దిగి, చెయ్యి తగలకుండా నోటితో ఊది పంపేవాడు. రోడ్డు మీద ఆ కారు వెళుతోందో నిలబడిందో తెలియక, దాని నీడలో నిలబడి జనం బస్సు కోసం ఎదురుచూసేవారు. ఒకసారి ద్వారపూడి దారిలో బాతుల మంద అడ్డొస్తే ఇంజను ఆపి కూర్చున్నాడు. మంద చేలోకి దిగి, కడుపునిండా మేసి, సాయంత్రం మళ్ళీ రోడ్డు దాటి పోయేదాకా కూర్చున్నాడు. లోపలున్నది ఏదో ఊరేగింపు విగ్రహం అనుకుని, బాతులు కాసే మనిషి వెళ్ళేటప్పుడొక దణ్ణం, వచ్చేటప్పుడొక దణ్ణం పెట్టుకున్నాడు.

అలాంటి కారుని అరకు ఘాట్ రోడ్డు ఎక్కించడమంటే మాటలా? అరకు చూడాలని ఆయన భార్య భూలక్ష్మి కారు కొన్న రోజే అడిగింది. మొదటేడు వానలన్నాడు. రెండో ఏడు పొగమంచన్నాడు. మూడో ఏడు వానా మంచూ రెండూ లేవు కాబట్టి, అలాంటప్పుడు అందరూ వస్తారు, రద్దీ అన్నాడు. అలా తొమ్మిదేళ్ళు లాక్కొచ్చాక భూలక్ష్మి ఒక ఆదివారం అన్నం వడ్డిస్తూ తేల్చి చెప్పేసింది.

"శనివారం అరకు ఎల్తన్నాను. గది మాట్టాడేశాను. మీరు కారు తీస్తే మీతో ఎల్తాను. తియ్యకపోతే మా మేనత్త బ్యాచీతో బస్సులో పోతాను."

మేనత్త బ్యాచీ అంటే పదహారు మంది ఆడవాళ్ళు. తిరిగొచ్చాక ఆ పదహారు మందీ ఒక్కొక్కరే ఇంటికొచ్చి, "కారుండి కూడా పాపం బస్సులో వచ్చింది" అని ఏడాది పొడుగునా పరామర్శ చేస్తారు. తాతబ్బాయికి అది తల్చుకుంటేనే ముద్ద దిగలేదు.

"మన కారులోనే ఎల్దాం. కాదన్నానా ఎప్పుడైనా?" అన్నాడు.

అన్నాక కాగితాలు తీసి చూసుకుంటే, కారు ఇన్సూరెన్సు శుక్రవారంతో అయిపోతోంది. ఇన్సూరెన్సు లేకుండా తాతబ్బాయి కారుని షెడ్డులోంచి గేటు దాకా కూడా తియ్యడు. సోమవారం ఆఫీసు తెరవగానే తన ఇన్సూరెన్సు కంపెనీకి, అంటే 'నిశ్చింత'కి, ఫోను చేశాడు.

"ఎవరండీ?" అంది అవతలి గొంతు.

"తొమ్మిదేళ్ళ నుంచీ మీ దగ్గరే ఉన్నానండి. తాతబ్బాయినండి."

"మరెప్పుడూ కనబడలేదేమండీ?"

తొమ్మిదేళ్ళు ఒక్క నట్టు కూడా అడక్కుండా ఉన్నందుకు ఇదా మర్యాద అని తాతబ్బాయికి ఒళ్ళు మండింది. అప్పటికప్పుడు బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి, 'క్షేమగమన' అనే కొత్త కంపెనీలో దిగాడు. అక్కడ మేనేజరు పరాంకుశం గారు. బల్ల మీద పదకొండు రబ్బరు స్టాంపులు, మొహం మీద పన్నెండోది.

"తొమ్మిది సంవత్సరముల కాలంలో ఏ విధమైన క్లెయిమూ చేయలేదని ఫారంలో టిక్కు పెట్టారు. చాలా సంతోషం," అన్నాడు పరాంకుశం. "నో క్లెయిమ్ బోనస్ కింద సగానికి సగం తగ్గింపు పొందుటకు మీరు అర్హులు. రుజువు?"

"దేనికండి రుజువు?"

"ఏమీ జరగలేదనుటకు."

"ఏమీ జరగలేదు కదండి. ఇంక రుజువేం ఉంటాదండి?"

పరాంకుశం కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "చూడండి. జరిగినదానికి రుజువు తేవడం ఎవరికైనా సులభం. జరగనిదానికి తేవడమే కష్టం. కష్టం కనుకనే కంపెనీ అడుగుతున్నది."

"పోనీ ఆ తగ్గింపు వద్దులెండి. పూర్తిగానే కట్టేస్తాను. కాగితం ఇచ్చేయండి."

"అలా కుదరదు. టిక్కు పెట్టి వెనక్కు తగ్గితే తప్పుడు ప్రకటన చేసినట్టు. తప్పుడు ప్రకటన చేసినవారికి ఏ పాలసీ కూడా ఇవ్వరాదు. వెళ్ళి పాత కంపెనీ నుండి ఉత్తరం తీసుకురండి."

మంగళవారం కాకినాడ. నిశ్చింత ఆఫీసులో వింధ్యావళి అనే ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. విషయం అంతా విని, వేళ్ళు కీబోర్డు మీద పెట్టి, "క్లెయిమ్ నంబరు చెప్పండి" అంది.

"క్లెయిమే చెయ్యలేదండి."

"పోనీ ప్రమాదం జరిగిన తేదీ?"

"జరగలేదండి."

"మరి దేన్ని పట్టుకుని వెతకమంటారండీ? నంబరో తేదీయో కొట్టకపోతే సిస్టమ్ తెరుచుకోదు. ఒక పని చేయండి. చిన్న క్లెయిమ్ ఒకటి పెట్టండి. నంబరు వస్తుంది. ఆ నంబరు మీద, ఈయన ఎప్పుడూ క్లెయిమ్ చేయలేదని రాసిచ్చేస్తాను."

"పెడితే చేసినట్టే కదమ్మా!"

"చేసినట్టే. కానీ కాగితమైతే చేతికొస్తుంది కదండీ."

తాతబ్బాయి చేతులెత్తి దణ్ణం పెట్టి, ఉత్తరమూ వద్దు, కొత్త కంపెనీ వద్దు, తొమ్మిదేళ్ళలాగే ఇక్కడే ఉండిపోతానన్నాడు.

"అయ్యో, మీరు ఉత్తరం అడగ్గానే 'వెళ్ళిపోవుచున్నారు' అని బటన్ నొక్కేశానండి. దానికి వెనక్కి తిప్పే బటన్ లేదు," అంది వింధ్యావళి. ఆవిడ మనసు మాత్రం మంచిది. తన అధికారంలో ఉన్నంతవరకు ఒక ఉత్తరం టైపు చేసి, స్టాంపు గుద్ది ఇచ్చింది.

బుధవారం పరాంకుశం ఆ ఉత్తరాన్ని పైకి చదివాడు. "సదరు తాతబ్బాయి గారు గత తొమ్మిది సంవత్సరములుగా మా కార్యాలయమునకు రాలేదు. ఫోను చేయలేదు. వీరి క్షేమసమాచారములు మాకు తెలియవు."

చదివి, కిటికీలోంచి బయటికి చూశాడు. "క్షేమసమాచారములు తెలియవన్నారంటే, క్షేమంగా లేరేమోనన్న శంకకు తావున్నది."

"ఎదురుగా ఉన్నాను కదండి!"

"మీరు ఉన్నారు. మీ ఎదుటివారి సంగతి?" అంటూ సొరుగులోంచి ఒక దస్తా ఫారాలు తీశాడు. "ఇది పద్నాలుగో నంబరు ఫారం. అప్రమాదిత వ్యక్తుల ధ్రువీకరణ. మీ కారు సంచరించే ప్రాంతంలో మీరు ఎవరెవరిని ఢీకొనలేదో, వారు స్వయంగా సంతకం చేయవలెను. కనీసం రెండు వందల మంది. రేపు మా సర్వేయరు మీ ఇంటికి వచ్చునప్పటికి సిద్ధంగా ఉంచండి."

మధ్యాహ్నం రెండింటికి తాతబ్బాయి ఫారాల కట్ట చంకలో పెట్టుకుని మండపేట సెంటరులో నిలబడ్డాడు. మొదట టీ కొట్టు సత్యాన్ని అడిగాడు.

"నువ్వు నన్ను గుద్దలేదని నేను సంతకం పెట్టాలా?" అన్నాడు సత్యం గ్లాసు కడుగుతూ. "గుద్దితే నాకేవన్నా వస్తాది. గుద్దకపోతే నాకేంటి లాభం, బావా?"

"లాభం కాదురా, సాయం."

"సాయమంటావా, అలాగైతే సరే. కానీ ఒక మాట. గుద్దకుండా వదిలేసినోడివి నువ్వొక్కడివేనా? పొద్దున్నించీ ఎంతమంది ఎల్లారు ఇటు! అందులో నువ్వే అని నాకేంటి గుర్తు?"

పక్కనే టీ తాగుతున్న ఒకావిడ, "మా గేదెని కూడా గుద్దలేదు మీరు. దాని వేలిముద్ర వద్దా?" అని అడిగింది. ఇంకొక ముసలాయన గుద్దలేదని ఒప్పుకున్నాడు గానీ, ఆరేళ్ళ కిందట వానాకాలంలో పంచె మీద బురద చిమ్మిన సంగతి ఫారం వెనక రాస్తేనే సంతకం పెడతానని భీష్మించుకు కూర్చున్నాడు. చివరికి పెద్దక్షరాలతో 'బురద' అని రాయించుకుని పెట్టాడు.

మొదటి గంటలో పదకొండు సంతకాలొచ్చాయి. అయితే మండపేట జనానికి ఏదో కాగితం మీద పేర్లెక్కుతున్నాయని తెలిస్తే ఇక ఆగరు. నాలుగింటికి టీ కొట్టు దగ్గర్నుంచి సినిమా హాలు దాకా వరస. "వాళ్ళ వీధిలో ముప్పై మందిని గుద్దలేదంట, మా వీధిలో పన్నెండు మందినే రాశారు, మేమేం పాపం చేశామండి?" అని ఒక వీధి వాళ్ళు తగువుకొచ్చారు. ఆలమూరు నుంచి ఒకాయన పని మానుకుని బస్సులో వచ్చాడు.

"మిమ్మల్ని నేనెప్పుడూ చూడలేదండి," అన్నాడు తాతబ్బాయి.

"చూసి గుద్దకపోవడం ఎవడైనా చేస్తాడండి. నన్ను చూడకుండానే గుద్దలేదు మీరు. రాయండి, రాయండి!"

చీకటి పడేసరికి నాలుగు వందల పన్నెండు మంది అప్రమాదితులు తేలారు. వాళ్ళలో ఇద్దరు ఇంకెప్పుడూ గుద్దనని ముందస్తు హామీ కూడా రాయించుకున్నారు.

గురువారం సర్వేయరు ఫణీంద్ర భూతద్దంతో దిగాడు. సంతకాల కట్ట వైపు చూడనైనా లేదు. కారు చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాడు. కింద పడుకున్నాడు. పైకెక్కాడు. లేచి బట్టలు దులుపుకుని మొహం గంభీరంగా పెట్టాడు.

"ఒక్క గీత కూడా లేదు."

"ఆయ్," అన్నాడు తాతబ్బాయి, చాతీ రెండంగుళాలు పొంగించి.

"తొమ్మిదేళ్ళ కారుకి ఒక్క గీత లేదంటే, పెద్ద ప్రమాదం జరిగి మొత్తం మార్పించి ఉండాలి. బిల్లులు ఎక్కడ దాచారు?"

వీధి అరుగు మీద బీరకాయలు చెక్కు తీస్తున్న భూలక్ష్మి కత్తిపీట పక్కన పెట్టింది. "గీతలుంటే గుద్దాడంటారు. లేకపోతే పెద్దగా గుద్దాడంటారు. ఎంత గీసుంటే సరిపోతాదో ఆ కొలత చెప్పండి బాబూ, నేనే గీసి పెడతాను."

"సాక్ష్యాలతో చెలగాటమాడవద్దమ్మా," అన్నాడు ఫణీంద్ర.

కారు ఏ ఏడాదికాయేడు ఇలాగే నిగనిగలాడుతూ ఉండేదని నిరూపించడానికి తాతబ్బాయి లోపలికి పరుగెత్తి ఫొటోల ఆల్బమ్ పట్టుకొచ్చాడు. కారుని కొన్నదే దసరా రోజున. అప్పట్నుంచి ప్రతి దసరాకి పూజ చేయించి, ఫొటో తీయించాడు. ప్రతి ఫొటో మూలన తేదీ కూడా పడి ఉంది. బంతిపూల దండలు, పసుపు బొట్లు, ముందు పగలగొట్టిన గుమ్మడికాయ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు.

ఫణీంద్ర మొదటి ఫొటో దగ్గరే ఆగిపోయాడు. భూతద్దం వంచాడు. రెండోది తిప్పాడు. మూడోది.

"ఇదేమిటి?"

"నిమ్మకాయండి."

"చక్రం దాని మీద ఉంది."

"ఎక్కించామండి. పూజండి."

"ఎదుటి పక్షం పూర్తిగా నుజ్జయింది," అని రాసుకున్నాడు ఫణీంద్ర. "ఈ ఎర్రటిది? రక్తమా?"

"గుమ్మడికాయలో కుంకుమండీ బాబు!"

ఏడాదికి నాలుగు నిమ్మకాయలు, తొమ్మిదేళ్ళకి ముప్పై ఆరు. తొమ్మిది గుమ్మడికాయలు. "మొత్తం నలభై ఐదు ఘటనలు," అన్నాడు ఫణీంద్ర ఆల్బమ్ మూసి, దారం కట్టి, లక్క ముద్ర వేస్తూ. "అన్నీ పట్టపగలు. అన్నీ తెలిసి చేసినవి. చేసి, దండలు వేసుకుని ఫొటోలు దిగారు. రేపు ఉదయం పది గంటలకు విచారణ. సాక్షులతో రండి."

ఆ రోజు తాతబ్బాయి కారు వైపు చూడలేకపోయాడు. చక్రాల వైపు అసలే చూడలేకపోయాడు. భూలక్ష్మి మాత్రం మేనత్తకి ఫోను చేసి, బస్సులో తనకొక సీటు ఉంచమని చెప్పింది. ఆయనకి వినబడేలాగే చెప్పింది.

శుక్రవారం విచారణకి తాతబ్బాయి, భూలక్ష్మి, పూజ చేయించే పంతులుగారు, నిమ్మకాయలమ్మే నూకాలు నలుగురూ బస్సులో రాజమండ్రి వెళ్ళారు. పరాంకుశం పెద్ద కుర్చీలో, ఫణీంద్ర చిన్న కుర్చీలో కూర్చున్నారు. ముందు నూకాలుని పిలిచారు.

"మృత నిమ్మకాయలతో మీకు గల సంబంధం?" అడిగాడు పరాంకుశం.

"అమ్మానండి."

"వాటి తరఫున మీకు ఏమైనా ఫిర్యాదు ఉన్నదా?"

"ఉంది బాబూ!" నూకాలు కొంగు బిగించింది. "రెండేళ్ళ నుంచీ ఈయన నా దగ్గర కొంటంలేదు. మా తోడికోడలి దగ్గర కొంటన్నాడు. దానియ్యి ఎండిపోయిన కాయలు, బాబూ! చక్రం ఎక్కితే చప్పుడైనా రాదు. ఆ ఫిర్యాదు రాయండి ముందు!"

"అప్రస్తుతము వద్దు. తదుపరి సాక్షి. పంతులుగారూ, ఎక్కించమని ప్రోత్సహించినది తమరేనా?"

"నేనే," అన్నారు పంతులుగారు. "ఎక్కిస్తే ప్రమాదాలు జరగవు."

"ప్రమాదములు జరగకుండుటకు ప్రమాదములు చేయించితిరా!"

"ఏం నాయనా, నేను నాలుగు నిమ్మకాయలతో చేసేదే కదా తమరు నాలుగు కాగితాలతో చేస్తున్నారు? నాది చవక. మిగిలితే పులిహోరలోకైనా పనికొస్తుంది."

ఫణీంద్ర ఆ మాట రాసుకోవాలో వద్దో తెలియక పరాంకుశం వైపు చూశాడు. పరాంకుశం వద్దన్నట్టు తలూపి, తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. "నలభై ఐదు ప్రమాదములు చేసి, ఒక్కటీ చేయలేదని చెప్పినందున..."

తాతబ్బాయికి కళ్ళ ముందు మేనత్త బస్సు కదిలిపోయింది. పదహారు మంది కిటికీల్లోంచి చేతులూపారు.

"ఆగండాగండి," భూలక్ష్మి లేచింది. "చెయ్యలేదని ఆయన టిక్కు పెట్టింది ప్రమాదాలకా, క్లెయిములకా?"

పరాంకుశం ఫారం చూశాడు. "క్లెయిములకు."

"మరి ఈ నలభై ఐదింటికీ ఆయన క్లెయిమ్ చేశాడో లేదో ఆ కాకినాడావిడ్ని అడగండి. మొన్న తేదీ కావాలందంట. ఇప్పుడు తేదీలున్నాయి కదా, ఫొటోల మూలన!"

ఫణీంద్ర కాకినాడకి ఫోను కలిపాడు. తొమ్మిది దసరాల తేదీలు చదివాడు. అవతల వింధ్యావళి టకటకా కొట్టింది.

"తెరుచుకుందండీ సిస్టమ్!" అంది సంబరంగా. "ఆ తేదీల్లో ఏ క్లెయిమూ లేదు. ఒక్కటి కూడా లేదు. ఇదిగో, ఉత్తరం పంపిస్తున్నాను. ఈ మాట ఆయన మొన్ననే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!"

అయిదు నిమిషాల్లో ఉత్తరం వచ్చింది. పరాంకుశం దాన్ని రెండుసార్లు చదివి, కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి తాతబ్బాయి చెయ్యి పట్టుకున్నాడు.

"నలభై ఐదు ప్రమాదములు! ఒక్క క్లెయిమ్ లేదు! ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఇంతటి నిగ్రహం నేను చూడలేదు. ప్రమాదమే లేనివాడు క్లెయిమ్ చేయకపోవడంలో గొప్ప ఏమున్నది? ప్రతి సోమరీ చేయగలడు. ఇన్ని చేసి, నోరు మెదపకుండా కూర్చున్నారు చూడండి, అదీ అసలైన నో క్లెయిమ్!"

పదకొండు స్టాంపులూ గుద్ది, సగం తగ్గింపుతో పాలసీ చేతిలో పెట్టాడు. "ఒక్క సూచన. నేటినుండి కాయలు, కూరగాయలు చెల్లవు. వచ్చే సంవత్సరం బోనస్ నిలవాలంటే గట్టి వస్తువుతో, తేదీతో సహా, ఒక ఘటన ఉండవలెను."

శనివారం తెల్లవారింది. భూలక్ష్మి రాత్రే సర్దిన రెండు సంచులూ, పులిహోర గిన్నే, దుప్పటీ పట్టుకుని బయటికొచ్చింది. కారు గేటు దగ్గర మెరుస్తోంది. తాతబ్బాయి అరుగు మీద మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు.

"లక్ష్మీ," అన్నాడు. "ఘాట్ రోడ్డంటే మలుపులు. మలుపుల్లో జీపులు. బోనస్ వచ్చింది నిన్ననే కదా. ఇప్పుడే ఏదన్నా తగిలితే..."

భూలక్ష్మి సంచులు కింద పెట్టింది. లోపలికెళ్ళింది. కారం దంచే రోకలి పట్టుకుని వచ్చింది. తిన్నగా కారు దగ్గరికి నడిచి, ఎడంపక్క ముందు తలుపు మీద ధణేల్మని ఒక్కటిచ్చింది.

వీధిలో కాకులు లేచిపోయాయి. తాతబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి ఒక కన్ను తెరిచాడు. తలుపు మీద అరిసె అంత సొట్ట.

"తారీకు రాసుకోండి," అంది భూలక్ష్మి రోకలి గోడకి ఆనించి. "శనివారం. పొద్దున్న ఆరుంపావు. గట్టి వస్తువు. వచ్చే ఏటికి రుజువైపోయింది. ఇంక దేనికండి భయం?"

తాతబ్బాయి లేచి వెళ్ళి ఆ సొట్ట మీద చెయ్యి పెట్టాడు. కారు ఏడవలేదు. ఆకాశం ఊడిపడలేదు. తాళం తిప్పితే ఇంజను ఎప్పటిలాగే అందుకుంది. తొమ్మిదేళ్ళుగా ఊపిరి బిగబట్టిన మనిషి అప్పుడు ఊపిరి వదిలాడు. ఆ గాలికి ముందున్న అద్దం మొత్తం మసకబారింది.

ఆ రోజు ఆ కారు అరవై మీద పోయింది. ఊరి పొలిమేరలో జనం అది ఇంకెవరి కారో అనుకున్నారు. తునిలో ఆగి జీడిపప్పు కొన్నారు. ఘాట్ రోడ్డు మూడో మలుపులో ఎదురొచ్చిన జీపు ఒకటి పక్క అద్దం గీరుకుంటూ పోయి ఆగింది. జీపు డ్రైవరు భయపడుతూ దిగాడు. తాతబ్బాయి పరుగున వెళ్ళి అతన్ని కావలించుకున్నాడు.

"చాలా సాయం చేశావు తమ్ముడూ! నీ పేరు చెప్పు, టైము ఎంతయింది చూడు. క్లెయిమ్ చెయ్యన్లే, చచ్చినా చెయ్యను!"

జీపు డ్రైవరు పేరు చెప్పకుండానే బండెక్కి పారిపోయాడు.

అరకు చేరి, తలుపులు బార్లా తీసేసి కారుని అలాగే వదిలి, ఇద్దరూ చెట్ల కింద కూర్చుని వేడి కాఫీ తాగారు. కిందంతా లోయ. లోయ నిండా పసుపు పచ్చని వలిసె పూలు. భూలక్ష్మి కళ్ళారా చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"మరి వచ్చే ఏడు ఎక్కడికండి?"

తాతబ్బాయి గ్లాసు కింద పెట్టి, కాస్త ఆలోచించి చెప్పాడు. "రుజువులు బాగా దొరికే చోటికే పోదాం లక్ష్మీ."